పోర్షే పుట్టిన ఊళ్లో పాత పోర్షే కోసం

స్టుట్‌గార్ట్‌లో ఆదివారం షాపులన్నీ మూసేస్తారు. కార్ల షోరూములు మాత్రం కొన్ని తెరిచే ఉంటాయి. లోపలికి వెళ్లొచ్చు, కార్ల చుట్టూ తిరగొచ్చు, అద్దంలోంచి సీట్లు, మీటర్లు చూడొచ్చు. కానీ గుమ్మం దగ్గరే బోర్డు ఉంటుంది: ఇవాళ చూడటం వరకే, సలహాలు చెప్పం, అమ్మం, నడపనివ్వం. ఆదివారం వ్యాపారం కూడదన్న చట్టానికి వీళ్లు కనిపెట్టిన మధ్యేమార్గం అది. నాకు మాత్రం తెగ నచ్చింది. ‘సార్, ఏ బడ్జెట్‌లో చూస్తున్నారు?’ అని వెనకాలే తిరిగే మనిషి ఉండడు. మొన్న జనవరి నుంచి ఏప్రిల్ దాకా నా ఆదివారాలన్నీ అలాగే గడిచాయి.

ఈ ఊరికి గుర్రాలతో మొదలైన సంబంధం కార్ల దాకా వచ్చింది. వెయ్యేళ్ల కిందట ఇక్కడ గుర్రాల పెంపకం తోట ఉండేదట, ఆ మాటలోంచే స్టుట్‌గార్ట్ అన్న పేరొచ్చింది. పోర్షే బిళ్ల మధ్యలో ఎగురుతున్న గుర్రం ఈ ఊరి గుర్రమే. గాట్‌లీబ్ డైమ్లర్ తన తోటలో ఇంజను తయారుచేసింది ఇక్కడి కాన్‌స్టాట్‌లో. రాబర్ట్ బాష్ 1886లో చిన్న వర్క్‌షాపు తెరిచింది ఇక్కడే. ఫెర్డినాండ్ పోర్షే 1931లో డిజైన్ ఆఫీసు పెట్టిందీ ఇక్కడే. ఇప్పుడు ఈ కంపెనీల్లోనూ, వాటికి విడిభాగాలు ఇచ్చే కంపెనీల్లోనూ కూర్చుని కోడ్ రాసే తెలుగువాళ్లు బోలెడుమంది. నేనూ ఆ బాపతే. పగలంతా కార్ల కోసం సాఫ్ట్‌వేర్ రాసి, సాయంత్రం ట్రామెక్కి ఇంటికెళ్లే రకం.

నేను వెతికింది బాక్స్‌స్టర్. 911 మన అందుబాటులో లేదు కనుక అనుకోండి, తప్పులేదు. 1996లో మొదటిసారి వచ్చిన రెండు సీట్ల కారు. గుడ్డ టాపు, సీట్ల వెనకే ఇంజను. రెండో తరం బాక్స్‌స్టర్‌ని 987 అంటారు. దాంట్లో 2005-08 మధ్య వచ్చిన 2.7 లీటర్ల బళ్లు నేను చూసేనాటికి 17 వేల నుంచి 24 వేల యూరోల మధ్య పలుకుతున్నాయి. కొత్తలో ధర ఇంతకు రెట్టింపు. ఫోన్లో ఇంట్లో చెప్తే నాన్న ఒకటే అన్నారు: “పద్దెనిమిదేళ్ల బండికి పద్దెనిమిది లక్షలా? ఆ డబ్బుతో ఊరవతల స్థలం వస్తుంది కదరా!” ఆయన మాటలో న్యాయం ఉంది. స్థలానికి ఇంజను ఉండదు, పగలదు.

పగలడం ఊరికే అన్న మాట కాదు. ఆ తరం ఇంజన్లలో లోపల ఒక మధ్య షాఫ్టు, దాని చివర ఒక బేరింగు ఉంటాయి. అన్నిట్లో కాదు గానీ కొన్నిట్లో ఆ బేరింగు అరిగి విరుగుతుంది. విరిగితే లోహపు ముక్కలు ఆయిల్లో కలిసి ఇంజను మొత్తం పోతుంది. 2009లో వచ్చిన కొత్త ఇంజన్లో ఆ షాఫ్టే తీసేశారు. అందుకే 2009 తర్వాతి బళ్లకు గిరాకీ ఎక్కువ, ధరా ఎక్కువ. ముందువి కొనాలంటే బండిని కాదు, దాన్ని ఇన్నాళ్లూ వాడిన మనిషిని చూసి కొనాలి. మూడేళ్లు దాచిన డబ్బు ఒకేసారి పెట్టాలి, ఇంజను పోతే సగం డబ్బు దానికే మళ్లీ పెట్టాలి. నిద్ర పట్టని సంగతే.

ఇంకో తమాషా. బాక్స్‌స్టర్ ముందు మూత తెరిస్తే సామాన్లు పెట్టుకునే చోటు. వెనక మూత తెరిస్తే అక్కడా సామాన్లు పెట్టుకునే చోటే! ఇంజను ఏదీ? పైనుంచి కనపడదు. వెనక డిక్కీలో ఆయిలు పోసే మూత, కూలెంట్ పోసే మూత, అంతే. అసలు వస్తువు కళ్లారా చూడాలంటే బండిని లిఫ్టు మీద పైకెత్తాలి. మన దగ్గర బండి కొనేవాడు ముందు బానెట్ లేపి గంభీరంగా తలూపుతాడు. ఆ ముచ్చట ఇక్కడ కుదరదు.

మొదట చూడాల్సిన చోటు బోబ్లింగెన్. ఎస్1 లోకల్ రైలెక్కితే అరగంటలోపే. ఒకప్పుడు స్టుట్‌గార్ట్ ఎయిర్‌పోర్టు అక్కడే ఉండేది. ఆ పాత విమానాల షెడ్లనే 2009లో కార్ల లోకంగా మార్చారు. టికెట్టు లేదు. రెండంతస్తుల్లో గాజు పెట్టెలు, ఒక్కో పెట్టెలో ఒక్కో కారు, యజమానులు అద్దె కట్టి దాచుకునేవి. అమ్మకానికి ఉన్నవాటి మీద చీటీలు ఉంటాయి. నాకు పనికొచ్చే చీటీ ఒక్కటీ లేదు. కాఫీ తాగి వచ్చేశాను. కార్లంటే ఇష్టమున్నవాళ్లు ఈ వైపు వస్తే మాత్రం మ్యూజియంల కన్నా ముందు దీన్ని చూడమంటాను.

అసలు బజారు వేరే చోట ఉంది. ఊరి పొలిమేరల్లో, హైవే పక్కన, రంగు జెండాలు కట్టిన కంకర స్థలాలు. మధ్యలో కంటెయినర్ లాంటి ఆఫీసు. ఫిబ్రవరిలో అలాంటి ఒక చోట వెండి రంగు బాక్స్‌స్టర్ చూశాను. మెరిసిపోతోంది. మీటరు మీద 61 వేల కిలోమీటర్లు. యాక్సిడెంట్ కాలేదన్నారు. ఒక డాక్టరుగారు వారాంతాల్లో హైవే మీద మాత్రమే నడిపారన్నారు. నాతోపాటు ఆఫీసులో పనిచేసే విజయవాడ అన్న వచ్చాడు. ఆయన దగ్గర రెండు పరికరాలు ఉన్నాయి. ఒకటి పెయింటు మందం కొలిచేది. కంపెనీ పెయింటు సాధారణంగా వంద మైక్రాన్ల అటూ ఇటూ ఉంటుంది. కుడివైపు వెనక రెక్క మీద పెడితే 340 చూపించింది. “గీతలు పడితే మళ్లీ వేయించాం” అన్నాడు అమ్మేవాడు. సరే, అది జరిగేదే.

రెండోది ఇంజను కంప్యూటర్లోంచి లెక్కలు చదివేది. ఇంజను మొత్తం ఎన్ని గంటలు తిరిగిందో అందులో ఉంటుంది. కిలోమీటర్లను గంటలతో భాగిస్తే సగటు వేగం వస్తుంది. ఎక్కువగా హైవే మీద తిరిగిన కారుకి యాభై, అరవై ఉండాలి. దీనికి 2,480 గంటలు. అంటే గంటకి పాతిక కిలోమీటర్లు కూడా రాలేదు! డాక్టరుగారు హైవే మీద సైకిలంత వేగంతో వెళ్లి ఉండాలి, లేదా మీటరు వెనక్కి తిరిగి ఉండాలి. జర్మనీలో 2005 నుంచి మీటరు తిప్పడం నేరం. కానీ నా చేతిలో ఉన్నది భాగహారమే, సాక్ష్యం కాదు. ఏమీ అనకుండా కాగితాలు అడిగాను. ఒప్పంద పత్రం మీద ‘కస్టమర్ తరఫున అమ్మకం’ అని రాసి ఉంది.

ఆ మూడు ముక్కల్లో చాలా కథ ఉంది. ఇక్కడ డీలరు పాత కారు అమ్మితే కనీసం ఏడాది పాటు లోపాలకు చట్టప్రకారం బాధ్యత వహించాలి. మామూలు మనిషి అమ్మితే ‘చూసినట్టే కొన్నారు’ అని రాసుకుని బాధ్యత వదిలించుకోవచ్చు. డీలరు తాను మధ్యవర్తినే అని రాయించుకుంటే ఆ భారం తప్పుతుందని ఆశ. విజయవాడ అన్న బయటికొచ్చి, “తమ్ముడూ, బండి తళతళలాడుతుంటే కాగితం చూడాలి. కాగితం కూడా తళతళలాడుతుంటే పారిపోవాలి” అన్నాడు.

ఇక బేరం సంగతి. జర్మన్లు ఇంటర్నెట్లో పెట్టే ప్రకటనల్లో తరచూ ఒక హెచ్చరిక ఉంటుంది: ‘లాస్ట్ ప్రైస్ ఎంత అని మెసేజ్ పెట్టేవాళ్లకు జవాబివ్వం’. చదివి సిగ్గుపడ్డాను. ‘చివరికి ఎంతకిస్తారు?’ అనకుండా నేను అబిడ్స్‌లో బెల్టు కూడా కొనలేదు. ఇక్కడ బండి చూడకుండా ధర తగ్గించమనడం పెద్ద అమర్యాద. చూశాక, కారణం చూపించి అడిగితే మాత్రం వింటారు.

మార్చి మొదట్లో ఒక ప్రకటన కనిపించింది. మూడే ఫొటోలు, అందులో ఒకటి మసక. 2006 మోడలు, ముదురు నీలం, 74,300 కిలోమీటర్లు, 19,800 యూరోలు. బాద్ ఉరాఖ్ దగ్గర పల్లె. స్టుట్‌గార్ట్ నుంచి రైల్లో మెట్‌సింగెన్ వెళ్లి, అక్కడ చిన్న రైలు మారాలి. లోయ పొడుగునా ఆపిల్ తోటలు, పైన కొండ మీద శిథిలమైన కోట. ఊళ్లో కర్ర దూలాలు బయటికి కనిపించే పాత ఇళ్లు. అక్కణ్నుంచి బస్సు. డెబ్బై దాటిన పెద్దాయన గేటు దగ్గర నిలబడి చీపురుతో తన ముందున్న రోడ్డు ఊడుస్తున్నాడు. ష్వాబియన్లకు వారం వంతున ఊడ్చే ఆచారం ఉంది, తప్పితే పొరుగువాళ్లు ఊరుకోరు. ఆయన మాట్లాడే జర్మన్‌కీ, నేను క్లాసులో నేర్చుకున్న జర్మన్‌కీ మధ్య దూరం శ్రీకాకుళం యాసకీ పాఠ్యపుస్తకానికీ ఉన్నంత. కారుని ‘ఆటోలే’ అంటాడు. మన ‘చిట్టి కారు’ లాంటిది.

గరాజ్‌లో కారు, దాని మీద దుప్పటి. నంబరు ప్లేటు చివర 04, కింద 10 అని ఉంది. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకానే ఈ బండి రోడ్డెక్కొచ్చని అర్థం. పన్ను, ఇన్సూరెన్సు ఆ ఏడు నెలలకే. శీతకాలం రోడ్ల మీద చల్లే ఉప్పు దీనికి ఎప్పుడూ తగల్లేదన్నమాట. నాకు అదే కావాలి. కానీ అదే అడ్డు కూడా: అప్పుడు మార్చి. నడిపి చూడాలంటే ఏప్రిల్ దాకా ఆగాలి. “మ్యూనిక్ నుంచి ఒకాయన చూడకుండానే కొంటానన్నాడు” అన్నాడు పెద్దాయన. నాకు గుండె జారింది. “చూడకుండా కొనేవాడు ఎలా నడుపుతాడో నాకు తెలుసు. వద్దన్నాను.”

ఆ తర్వాత ప్రశ్నలన్నీ ఆయనవే. ఎక్కడ పెడతారు? అండర్‌గ్రౌండ్ పార్కింగా, వీధిలోనా? వానలో నడుపుతారా? ముందు రేడియేటర్లలో ఆకులు చేరతాయని తెలుసా? ఆయిలు వేడెక్కేదాకా 3,000 దాటించరు కదా? “మీటర్లో కనిపించేది నీళ్ల వేడి. ఆయిలు ఇంకా ఆలస్యంగా వేడెక్కుతుంది” అని వేలు చూపించి మరీ చెప్పాడు. పెళ్లిచూపుల్లో కూర్చున్నట్టుంది నాకు. చివర్లో ఫైలు తెచ్చాడు. సర్వీసు బిల్లులన్నీ తారీకుల వారీగా. దాంతోపాటు గళ్ల నోటుపుస్తకం: పోయించిన ప్రతిసారీ తారీకు, కిలోమీటర్లు, లీటర్లు పెన్సిలుతో. పదకొండేళ్ల లెక్క. ఇంతకన్నా నమ్మకమైన లాగ్ ఫైలు నా ఉద్యోగంలో నేను చూడలేదు.

ఏప్రిల్ మొదటి శనివారం మళ్లీ వెళ్లాను. మెట్‌సింగెన్ వైపు ఒక మెకానిక్ దగ్గర గంట సమయం ముందే తీసుకున్నాను. బండి పైకి లేచింది. అప్పుడు కనిపించింది ఇంజను. పొడిగా ఉంది, ఆయిలు కారిన మచ్చ లేదు. ఆయిలు ఫిల్టరు తీసి మడతలు విప్పి లైటు కింద చూశాడు. లోహపు మెరుపులు లేవు. 2006 బండిలో ఆ బేరింగు కాస్త పెద్దది, ఇంజను విప్పకుండా మార్చలేరు. కాబట్టి ఫిల్టరు చెప్పిందే మాట. కంప్యూటర్లో 1,310 గంటలు: సగటు 56. పెన్సిలు పుస్తకంతో సరిపోయింది. ఒక్క లోపం టైర్లు. అరగలేదు గానీ పక్కన నాలుగంకెలు 1514 అని ఉన్నాయి, అంటే 2014లో పదిహేనో వారం. రబ్బరు పదేళ్లది, గట్టిపడింది. కొత్త సెట్టుకి దాదాపు 900 యూరోలన్నాడు మెకానిక్.

నేను నోరు తెరవకముందే పెద్దాయన కాసేపు ఆలోచించి, “సగం మీరు, సగం నేను” అన్నాడు. 19,350. చేతులు కలిపాం. ‘లాస్ట్ ప్రైస్’ అనే మాట రానే లేదు.

బ్యాంకులో డబ్బు పడ్డాక కాగితాలు ఇచ్చాడు. స్టుట్‌గార్ట్ రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఇన్సూరెన్సు నంబరు చూపించి, పక్క దుకాణంలో ప్లేట్లు అచ్చు వేయించుకున్నాను. నేనూ 04, 10 అనే వేయించాను. పన్ను ఏడాదికి 182 యూరోలు, ఏడు నెలలకి వంద పైచిలుకు. మరుసటి శనివారం బ్యాగులో నంబరు ప్లేట్లతో రైలెక్కాను. ఎదురు సీట్లో ఆవిడ వాటి అంచులు చూసి నవ్వింది. ఇక్కడ అదేం వింత కాదు.

ప్లేట్లు బిగించింది పెద్దాయనే, తన స్క్రూడ్రైవరుతో. ఆయన భార్య వంటింటి కిటికీలోంచి చూస్తోంది గానీ బయటికి రాలేదు. తాళాలు రెండూ ఇచ్చాడు, దుప్పటి మడిచి డిక్కీలో పెట్టాడు, నోటుపుస్తకం సీటు మీద పెట్టాడు. “కింద లోయలోకి దిగేదాకా మెల్లిగా” అన్నాడు. టాపు తీసి మెల్లిగానే దిగాను. ఆపిల్ చెట్లు అప్పుడే పూతకొస్తున్నాయి. వెనకాల ఒక ట్రాక్టరు హారన్ కొట్టింది.

మెట్‌సింగెన్ బంకులో టాంకు నింపి, ఫొటో తీసి నాన్నకి పంపాను. రెండు నిమిషాల్లో జవాబొచ్చింది: “బాగుంది. మైలేజీ ఎంతిస్తుంది?” పుస్తకం తిరగేసి చెప్పాను, లీటరుకి పది.