రఘురాజపురపు చింతగింజలు

పూరీ జగన్నాథుని సేవింపబోవు మన సోదరీమణులు పెక్కుమంది సముద్రస్నానము చేసి, మహాప్రసాదము మూట గట్టుకొని తిరుగు రైలెక్కుదురు. మేమును రెండుమార్లు అట్లే చేసితిమి. మూడవ పర్యాయము ఒకపూట తీరిక దొరకగా, అచ్చటికి పది పండ్రెండు కిలోమీటర్ల దూరమున, భార్గవీ నదీతీరమున నున్న రఘురాజపురమును చూచి వచ్చితిమి.

కొబ్బరి, తాటి, పనస చెట్ల నీడలో ఎదురెదురుగా రెండు వరుసల యిండ్లు. నడుమ చిన్న చిన్న గుళ్లు. ఏ గోడ చూచినను బొమ్మలే. ఇంటాక్ అను సంస్థ 2000 సంవత్సరమున దీనిని వారసత్వ గ్రామముగా నెన్నుకొన్నది. ఒడిస్సీ నాట్యగురువు కేలూచరణ మహాపాత్ర 1926లో ఈ యూరనే జన్మించి, బాల్యమున గోటిపువా నేర్చిరి. అది బాలురు బాలికల వేషము దాల్చి యాడు నాట్యము. కూచిపూడి భామవేషము నెరిగిన మనకు వింతగా తోపదు.

అయినను మేము పోయినది పటచిత్రము కొరకు. జ్యేష్ఠ పూర్ణిమనాడు నూటయెనిమిది కలశముల నీట స్నానమాడిన జగన్నాథస్వామి, జ్వరము తగిలెనని పదునైదు దినములు దర్శన మీయడు. ఆ దినములలో గుడిలో పూజలందుకొనునవి బట్టపై వ్రాసిన మూర్తులే. అట్టి గౌరవముగల కళ యిది.

ఒక యింటి యరుగుపై కూర్చుండి రాసలీల పటమునకు వెల యడిగితిమి. చెప్పిన వెలలో సగమునకే మావారు బేరమాడిరి. మేమును వంత పలికితిమి. కూరల బేరమున నారితేరిన నోరు గదా!

ఇంతలో లోపలినుండి ఉడికిన చింతగింజల వాసన వచ్చెను. కుతూహలము పట్టలేక లోనికి పోయితిమి. ఇల్లాలు మట్టికుండలో జిగురు కలుపుచుండెను. యాత్రికులవలన కొంత తెలుగు నేర్చిన ఆమె కుమారుడు మా మాట లామెకు, ఆమె మాటలు మాకు చెప్పెను. గింజలు నానబెట్టి, రుబ్బి, ఉడికించి జిగురు తీయవలెను. దానితో రెండు బట్ట లొకటిగా నంటించి ఎండబెట్టవలెను. పిదప సుద్దపొడి జిగురున కలిపి పూత పూసి, మొదట గరుకురాతితోను, తరువాత నున్నని గులకరాతితోను రుద్దవలెను. ఇదంతయు చాల యిండ్లలో తరతరములుగా ఆడువారి పని. అప్పుడు గాని శంఖముల తెలుపు, ఇంగిలీకపు ఎరుపు, హరిదళపు పసుపు, దీపపు మసి వెలగబంకతో కలిసి ఆ బట్టపై నిలువవు.

2019 మే నెలలో ఫణి తుపాను ఈ గ్రామమును తీవ్రముగా దెబ్బతీసినది. వ్రాసి యుంచిన పటములెన్నో పాడయ్యెను. “అప్పు డేమి చేసితిరి?” అని యడిగితిమి. “ఇల్లు ఆరిన తరువాత మరల గింజలు నానబోసితిని” అని యామె సమాధానము. ఆ వ్రేళ్ల సందులలో జిగురు గట్టిపడి తెల్లగా నుండెను.

మరల అరుగుపైకి వచ్చి పటము చూచితిమి. మూలను ఇంటి యజమాని పేరు మాత్రమే యున్నది. మేము మావారివంక చూచితిమి. వారు మారుమాటాడక చెప్పిన వెల చెల్లించిరి. ఆమె పేరును వ్రాయుడని కోరగా ఆమె నవ్వి, కొంగుతో చేయి తుడుచుకొని, కుండ మాడునని లోనికి పోయెను. ఈ కాలమున స్త్రీలును కుంచె పట్టి తమ పేర వ్రాయుచున్నారట, వినుటకు సంతోషమైనది.

ఇల్లు చేరిన పిదప, ఎన్నడును పారవేయు చింతగింజలను డబ్బాలో దాచి, పాత పంచెముక్కపై మేమును ప్రయత్నించితిమి. జిగురు ఉండలు కట్టెను. ఎండిన బట్ట మడువగానే బీటలు వారెను. దానిని పారవేయక రాసలీల పటము క్రిందనే యుంచితిమి. వచ్చినవారు పటమును మెచ్చుకొనినపుడు, ఆ బీటల బట్టను కూడ తీసి చూపుచున్నాము.

సోదరీమణులారా, మీరు పూరీ పోయినచో ఒకపూట ఈ యూరికిచ్చి రండు. బేర మాడుటకు ముందు ఒక్కమారు వంటయింటిలోనికి తొంగిచూడుడు.