నడినెత్తిన పిల్లలకోడి

పుష్య అమావాస్య రాత్రి, నక్షత్రాలు చూసే మిత్రబృందంతో యాంగోన్ శివార్లకు వెళ్ళాం. పిల్లలూ, వాళ్ళ నాయనమ్మా వచ్చారు. ఎనిమిదింటికి కృత్తికలు నడినెత్తిన ఉన్నాయి. మామూలు కంటికి ఆరే చుక్కలు, బైనాక్యులర్‌లో లెక్కపెట్టలేకపోయాం. దూరం సుమారు 440 కాంతి సంవత్సరాలట.

"అదిగో పిల్లలకోడి!" అంది చాప మీద పడుకున్న నాయనమ్మ. పిల్లలు ఆ మాట ఎన్నడూ వినలేదు. మేమూ మరిచిపోయాం, సిగ్గుగానే ఉంది. వాళ్ళమ్మ చెప్పిందట. ఆవిడ కాకినాడ రేవులో ఓడెక్కి రంగూన్ వచ్చిన మనిషి. నాయనమ్మ మాత్రం కాకినాడ చూడనేలేదు.

యాంగోన్, కాకినాడ రెండూ ఇంచుమించు 17 డిగ్రీల అక్షాంశం మీదే ఉన్నాయి. ఇంకో గంటకు ఇవే చుక్కలు అక్కడా నడినెత్తికి వస్తాయని చెప్పాం.

ఆ గంటసేపూ నాయనమ్మ చాప మీంచి లేవలేదు.