అవ్వ పాటలు ఒక్క చోటే పెట్టినాం

పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి. ముఖ్యంగా ఊళ్లో పెద్దవాళ్ల మాటలు, పాటలు ఫోన్లో రికార్డు చేసుకున్నవాళ్లు చదవండి.

మేం శ్రీకాకుళంలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాం. రూంలో నలుగురం, నలుగురం సవరలమే, సీతంపేట కొండల మీద ఊళ్లవాళ్లం. మా నాలుగు ఇళ్లలోనూ కాలేజీ మెట్లెక్కింది మేమే మొదలు. స్కాలర్‌షిప్ డబ్బులు తలా కొంత వేసుకుని ఒక పాత లాప్‌టాప్ కొన్నాం. ప్రాజెక్టులు, నోట్సులు, సర్టిఫికెట్ల స్కాన్లు, సినిమాలు అన్నీ అందులోనే.

ఇంకొకటి కూడా ఉండేది. మాలో ఒకడి అవ్వ పాడిన పాటలు, చెప్పిన కథలు, మొత్తం 23 రికార్డింగులు. కంది కొత్తల పండక్కి వెళ్లినప్పుడు, వేసవి సెలవుల్లో, పొయ్యి దగ్గర కూర్చోబెట్టి ఫోన్లో తీసినవి. ఫోన్ నిండిపోతే లాప్‌టాప్‌లోకి వేసి ఫోన్లోంచి తీసేశాం. "కంప్యూటర్లో పడ్డాక ఏటవుద్దిలే" అనుకున్నాం. అవ్వ పోయిన ఏడాది చనిపోయింది.

అలా అనుకోడానికి కారణం ఉంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మేం బడి పిల్లలం. మాలో ఒకరి ఇంట్లో రేకుపెట్టెలో దాచిన కాగితాలన్నీ తడిసి ముద్దయిపోనాయి. కుల ధ్రువీకరణ పత్రం మళ్లీ తెచ్చుకోడానికి వాళ్ల నాన్న ఎన్నిసార్లు కొండ దిగాడో మాకు తెలుసు. అప్పటినుంచి కాగితం అంటే భయం, కంప్యూటర్ అంటే ధైర్యం.

మొన్న పరీక్షల ముందు లాప్‌టాప్ నెమ్మదించింది. ఒక ఫోల్డర్ తెరవడానికి ఐదు నిమిషాలు. తర్వాత లోపల్నుంచి టిక్, టిక్ అని చప్పుడు. మేం చేసిన తప్పులు దాచకుండా చెప్తాం. పదిసార్లు ఆపి ఆన్ చేశాం. డిస్కును రిపేరు చేసే స్కాన్ రాత్రంతా పెట్టాం. కాపీ చేద్దామని మొదలెట్టి, ముందు సినిమాల ఫోల్డరే లాగాం, అదే పైన కనబడింది కాబట్టి. బజార్లో ఒక షాపుకి పట్టుకెళ్తే "ఫార్మాట్ కొట్టేస్తే కొత్తదానిలా అయిపోద్ది" అన్నారు. కొట్టించేసేవాళ్లమే. అవ్వ మనవడు ఒప్పుకోలేదు.

పక్క హాస్టల్లో కంప్యూటర్స్ చదివే అన్న ఒకాయన చూసి మొదట చెప్పిన మాట, "ముందు ఆపేయండి." తర్వాత విడమరిచి చెప్పాడు. పాతరకం హార్డ్ డిస్కులో నున్నటి పళ్లేలు తిరుగుతుంటాయి, లాప్‌టాప్‌లవి ఎక్కువగా నిమిషానికి 5400 సార్లు. వాటిమీద చదివే ముల్లు పళ్లేన్ని తాకకుండా, దుమ్ము రేణువు కూడా పట్టనంత ఎడంలో కదులుతుంది. ఆ ముల్లు తడబడుతుంటే మనం ఆన్ చేసిన ప్రతిసారీ దెబ్బ పెరగొచ్చు. మూత విప్పి చూడకూడదు, దుమ్ము పడితే మరి ఆశ ఉండదు. డిస్కు ఆరోగ్యం చూపే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాం ఉంది. పాడైన గడుల లెక్క పెరిగితే పసుపు రంగులో హెచ్చరిస్తుంది. అది మేం ముందే చూసుంటే ఈ పోస్టే ఉండేది కాదు.

ఆ అన్న లాప్‌టాప్‌ని పెన్‌డ్రైవ్‌లోని లినక్స్‌తో నడిపించి, డీడీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రాం పెట్టాడు. అది ముందు తేలిగ్గా చదవగలిగినదంతా వేరే డిస్కులోకి తీసుకుంటుంది, మొరాయించే చోట్లను చివరికి వదిలేస్తుంది. ఎక్కడిదాకా వచ్చిందో రాసి పెట్టుకుంటుంది కాబట్టి, మధ్యలో కరెంటు పోయినా మళ్లీ అక్కడినుంచే మొదలు పెట్టొచ్చు. తీసుకునే డిస్కు పాతదానంత పెద్దది, లేదా ఇంకా పెద్దది ఉండాలి. ఒక రాత్రి, మర్నాడు సగం పట్టింది. మేం నలుగురం వంతులేసుకుని కాపలా కూర్చున్నాం.

23లో 19 బాగా వచ్చాయి. రెండు మధ్యలో తెగిపోయాయి. రెండు అసలు తెరుచుకోలేదు. ఆ రెంటిలో ఒకటి అవ్వ విత్తనాలప్పుడు పాడే పాట. సినిమాలు మాత్రం అన్నీ వచ్చాయి. ఆ రాత్రి రూంలో ఎవరం మాట్లాడుకోలేదు.

తర్వాత మాకు గిడుగు రామమూర్తి గారు గుర్తొచ్చారు. ఆయన మన సవర భాష నేర్చుకుని రాసిన వ్యాకరణం 1931లో మద్రాసులో అచ్చయింది. అచ్చంటే ఒక్క ప్రతి కాదు, ఒక చోట పోయినా ఇంకో చోట ఉంటుంది. తొంభై ఏళ్ల కిందటి మన మాటలు ఇంకా దొరుకుతున్నాయి. మేం తీసిన అవ్వ గొంతు మూడేళ్లు నిలవలేదు. తేడా కాగితానికీ కంప్యూటర్‌కీ మధ్య కాదు, ఒక్క చోటుకీ పలు చోట్లకీ మధ్య ఉంది.

ఇప్పుడు మా పద్ధతి ఇది. ఏదైనా మూడు ప్రతులు, రెండు రకాల వస్తువుల్లో, ఒకటి వేరే ఊళ్లో. రికార్డింగులు కొత్త డిస్కులో ఒకటి, గూగుల్ డ్రైవ్‌లో ఒకటి (15 జీబీ వరకు ఉచితం), మెమరీ కార్డులో ఒకటి. కార్డు మా ఊళ్లో ఉంటుంది, అక్కడ సిగ్నల్ లేకపోయినా ఫోన్లో వేసుకుని వినొచ్చు. సర్టిఫికెట్లకి డిజిలాకర్ పెట్టుకోండి. అందులో జారీ చేసిన పత్రంగా వచ్చినదానికి అసలుతో సమాన విలువ ఉంటుంది. మనం ఫొటో తీసి ఎక్కించినదానికి ఆ విలువ ఉండదు, ఈ తేడా గుర్తుంచుకోండి. నెలకోసారి ప్రతులు తెరిచి చూడండి. తెరుచుకోని ప్రతి ప్రతి కాదు.

కార్డు ఊరికి పట్టుకెళ్లి అందరికీ వినిపించాం. అవ్వ గొంతు వినగానే ఆమె చెల్లెలు నవ్వింది, తర్వాత కొంగు అడ్డం పెట్టుకుంది. విత్తనాల పాట తనకి సగమే వచ్చునంది. ఆ సగం అక్కడే తీసుకున్నాం. మిగతా సగం ఎవరికైనా వచ్చేమో చుట్టుపక్కల ఊళ్లలో అడుగుతున్నాం.

మీ ఫోన్లో ఒక్కటే ప్రతి ఉన్నవి ఏటేటి ఉన్నాయో ఈ రాత్రే చూసుకోండి. ఎలగ చెయ్యాలో తెలీకపోతే కింద అడగండి, మాకు వచ్చినంత చెప్తాం. సినిమాలు చివర్లో కాపీ చేసుకుందాం.

జోహార్.