ఆడుకోమన్నారు సరే, ఎక్కడండీ?

తొమ్మిదేళ్ళ కుర్రాడి మెడ వెనక నల్లగా, మందంగా ఒక చార. మురికనుకుని తల్లి ఆర్నెల్లుగా సున్నిపిండి పెట్టి రుద్దుతోంది. రాజమహేంద్రవరంలో పిల్లల డాక్టరు గారు ఆ మెడ చూడగానే కుర్రాణ్ణి తూకం మిషనెక్కించారు. బరువు పెరిగి, ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచెయ్యని పిల్లలకు మెడ మీద ఇలాంటి నలుపు తేలుతుంది. రక్తపరీక్ష రాసి, కింద ఇంకో మాట చేర్చారాయన: రోజూ గంటసేపు ఆట.

"ఆడుకోమన్నారు సరే, ఎక్కడండీ?" అందావిడ. "ముందు రోడ్డు, వెనక రొయ్యల చెరువు. ఎటు వదిలినా భయమేనండి."

డాక్టరు గారి దగ్గర జవాబు లేదు. అయిదు నుంచి పదిహేడేళ్ళ పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్ళు అలిసే ఆట కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఆ మాటే ఆయన ఎన్నో చీటీల మీద రాశారు. చోటు గురించి మాత్రం ఎప్పుడూ రాయలేదు.

ఆయన చిన్నప్పుడు ఈ ప్రశ్నే పుట్టలేదు. సార్వా కోతలయ్యాక కొన్నాళ్ళు, దాళ్వా అయిపోయి కాలవలు కట్టేశాక తొలకరి దాకా, చేలన్నీ పిల్లలవే. కొయ్యకాళ్ళు గుచ్చుకుంటున్నా బిళ్ళంగోడు, చెడుగుడు ఆగేవి కావు. ధవళేశ్వరంలో పుట్టిన ముళ్ళపూడి వెంకటరమణ ఆత్మకథ పేరు కూడా చెట్లెక్కి ఆడే ఆటదే: కోతి కొమ్మచ్చి. ఇప్పుడు భీమవరం, ఉండి, ఆకివీడు వైపు ఎన్నో చేలు చేపల, రొయ్యల చెరువులయ్యాయి. వేసవి వచ్చినా అక్కడ పిల్లలకు ఎండిన చేను దొరకదు.

మరో రోజు, బోర్డు మీద అక్షరాలు కనపడని ఎనిమిదేళ్ళ పిల్ల వచ్చింది. కళ్ళజోడుకు పంపుతూనే డాక్టరు గారు ఆరుబయట వెలుతురు సంగతి ఎత్తారు. చైనాలోని గ్వాంగ్‌జౌలో కొన్ని బడుల్లో ఒకటో తరగతి పిల్లలను రోజూ అదనంగా 40 నిమిషాలు బయట తిప్పారు. మూడేళ్ళకు వాళ్ళలో 30.4 శాతం మందికి హ్రస్వదృష్టి వచ్చింది. మామూలుగా నడిచిన బడుల్లో అది 39.5 శాతం. 2015లో వెలువడిన ఫలితమిది.

చోటు పెద్దది కానక్కర్లేదు. 1947 నుంచి ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆల్డో వాన్ ఐక్ అనే వాస్తుశిల్పి ఇళ్ళ మధ్య మిగిలిన ముక్కల్లో ఇసుక తొట్టి, ఎక్కడానికి ఇనుప కమ్మీలు పెట్టుకుంటూ మూడు దశాబ్దాల్లో దాదాపు 700 ఆటస్థలాలు తయారుచేశారు. మనకు అంత దూరం పోనక్కర్లేదు. ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలని 2009 నాటి విద్యాహక్కు చట్టమే చెబుతోంది. ఉన్నచోట కూడా సాయంత్రం గంట కొట్టగానే గేటుకు తాళం పడుతుంది.

ఆ కుర్రాడి ఊళ్ళో తల్లిదండ్రులు హెడ్మాస్టరు గారిని అడిగి ఆ తాళం తీయించారు. డెల్టా మట్టి వానకు కాళ్ళకు అంటుకుని కదలనివ్వదు కాబట్టి ఓ మూల మెరక చేసి ఇసుక పోశారు. పాత టైర్లు సగం దాకా పాతారు. వేపచెట్టు కింద తాతలు వంతులేసుకుని కూర్చుంటున్నారు.

మూడు నెలలకు కుర్రాడు మళ్ళీ వచ్చాడు. బరువు పెద్దగా తగ్గలేదు, పెరగనూ లేదు. మెడ నలుపు అలాగే ఉంది. మోకాళ్ళు మాత్రం రెండూ చెక్కుకుపోయాయి. వాటికి మందు రాస్తుంటే తల్లి ఫిర్యాదు చేసింది:

"ఆదివారం గేటు తియ్యట్లేదండి. కాస్త మీరు చెబుదురూ."