రెండు భాషలు, ఒక్క గొంతు

రెండు భాషలలో పెరిగిన బిడ్డకు ఏ భాషయు సరిగా పట్టుబడదని పెద్దలలో ఒక అభిప్రాయము కలదు. సరిహద్దు ప్రాంతములందు తరతరములుగా కాపురమున్న మనకు ఈ మాట క్రొత్త కాదు. ఇంట తెలుగు, వీధిలో తమిళము, సంతలో కన్నడము, కచేరీలో ఇంగ్లీషు – ఇట్లు పూటకొక భాషతో పెరుగు పిల్లలను చూచి, “వీరి నోట ఏ భాష నిలుచును?” అని తలిదండ్రులు దిగులుపడుట మేము ఏటేట బడిలో చేర్పించు దినములందు చూచుచునే ఉన్నాము. ఆ దిగులును తేలికగా త్రోసివేయుట మా ఉద్దేశము కాదు. సముద్రముల కావల జపాను దేశమున, ఇట్లే రెండు భాషల నడుమ పెరిగి, తమ పాటలను తామే వ్రాసి, తామే బాణీ కట్టి, తామే పాడుచున్న ఒకరి రికార్డులను గూర్చి నాలుగు మాటలు చెప్పదలచితిమి. వారి పేరు ఉతాదా హికారు. జపానువారును మన తెలుగువారి వలెనే ఇంటిపేరును ముందుంచి, తమ పేరును తరువాత చెప్పుకొందురు.

మా విద్యార్థులలో పలువురు జపాను బొమ్మల చిత్రములకు అలవాటుపడినవారు. ఒకనాడు మధ్యాహ్న భోజన విరామమున వసారాలో కూర్చుండి ఒక బాలిక తన అక్క ఫోనులో ‘ఫస్ట్ లవ్’ అను పాట వినుచుండగా మేమును వింటిమి. మాటలు తెలియకున్నను ఆ కంఠము మమ్ము నిలిపివేసినది. జపాను మాటల నడుమ ఇంగ్లీషు మాటలు దొరలుట గమనించి, “రెండు భాషలూ కలిసి ఉన్నవే?” అని అడిగితిమి. “అవును సార్, మనం మాట్లాడినట్టే” అని ఆ బాలిక నవ్వెను. ఆనాటి నుండి, అనువాదముల సాయముతో, ఆ పాటలను ఒక్కొక్కటిగా వినుచు వచ్చితిమి.

ఉతాదా 1983 జనవరి 19వ తేదీన అమెరికాలోని న్యూయార్కు నగరమున జన్మించిరి. తండ్రి ఉతాదా తెరుజానే రికార్డుల నిర్మాత. తల్లి ఫూజీ కెయికో 1970 ప్రాంతమున జపాను దేశమంతటిని ఊపివేసిన ఎంకా గాయని. ఎంకా యనగా ఎడబాటును, ఊరి మీది బెంగను, బ్రదుకు కష్టములను గొంతు వణకించుచు పాడు పాటల తీరు. ఆమె తలిదండ్రులు ఊరూర తిరిగి రోక్యోకు అను కథాగానముతో జీవనము గడపినవారు. తల్లికి చూపు లేదు. షమిసెన్ అను మూడు తీగల వాద్యమును వాయించెడివారు. మన బుర్రకథ జట్టును, కథకుని భుజము మీది తంబురాను తలచుకొన్నచో ఆ బ్రదుకు మనకు కొంత బోధపడగలదు.

పాట ఇట్లు మూడవ తరమునకు అందినది. అయినను, ‘క్యూబిక్ యూ’ అను పేరుతో ఉతాదా పాడగా 1998 జనవరిలో వెలువడిన ‘ప్రెషస్’ అను ఆల్బము ఇంగ్లీషుది. ఆనాడు దానిని పట్టించుకొన్నవారు కొలది మంది. ఆ సంవత్సరమే డిసెంబరు 9వ తేదీన, పదునైదేండ్ల ప్రాయమున, జపాను భాషలో ‘ఆటోమేటిక్’ అను పాట వెలువడినది. 1999 మార్చి 10వ తేదీన ‘ఫస్ట్ లవ్’ అను ఆల్బము వచ్చినది. అది జపానులో 76 లక్షలకు పైగా ప్రతులు అమ్ముడై, ఆ దేశమున అన్నిటికంటె ఎక్కువగా అమ్ముడైన ఆల్బముగా నేటికిని నిలిచియున్నది. 2001 మార్చిలో వచ్చిన ‘డిస్టెన్స్’ అను ఆల్బము మొదటి వారముననే 30 లక్షల ప్రతులను దాటినది.

ఈ ఆదరణకు మధురమైన కంఠ మొక్కటియే కారణము కాదు. ‘ఆటోమేటిక్’ పాట ఎత్తుగడలోనే జపాను మాటలను, అవి సహజముగా ఆగవలసిన చోట ఆపక, నడిమికి విరిచి, లయకు తగినట్లు పరచినారు. అమెరికాలో విని పెరిగిన సంగీతపు నడకలో జపాను మాట క్రొత్తగా ఒదిగినది. విన్నవారు మొదట వింతపడిరి. పిమ్మట దానినే ఇష్టపడిరి. మనకు ఇది అంత వింత కాదు. మన వృత్తపద్యములందు పాదము ముగిసినచోట పదము ముగియవలెనను నియమము లేదు. మాట సగము ఈ పాదమునను, సగము పై పాదమునను నిలుచును. గురువు చదివి వినిపించునపుడు ఆ విరుపే పద్యమునకు సొగసు తెచ్చును. ఒక భాషకు వెలుపలి నడక నేర్పినంత మాత్రమున అది చెడదనుటకు ఈ పాట మంచి నిదర్శనము.

2002లో వచ్చిన ఆల్బము పేరు ‘డీప్ రివర్’, అనగా లోతైన నది. ఈ పేరు ఎందో షూసాకు అను జపాను రచయిత 1993లో ప్రకటించిన నవల నుండి గ్రహింపబడినది. ఆ నవలలోని నది మరి యేదియు కాదు, మన గంగయే. అందలి జపాను యాత్రికులు తమ తమ దుఃఖములను మోసికొని కాశీకి వచ్చినవారు. మన దేశపు నది ఒక జపాను నవలలో ప్రవహించి, అటనుండి పందొమ్మిదేండ్ల వారి పాటకు పేరైనదని తెలిసిన నాడు మాకు కలిగిన సంతోషము ఇంతింత కాదు.

ఆ సంవత్సరమే ఒక వీడియో ఆట కొరకు ‘హికరి’ అను పాట కట్టిరి. హికరి యనగా వెలుగు. హికారు అను వారి పేరును ఆ ధాతువు నుండి పుట్టినదే. ఆ ఆట పరదేశములకు వెళ్లినపుడు పాట ఇంగ్లీషులో కావలసివచ్చినది. పిల్లలారా, ఇచట కొంచెము ఆగి ఆలోచింపుడు. మీరైనచో ఏమి చేసెదరు? నిఘంటువు ముందుంచుకొని మాటకు మాట పెట్టెదరేమో! ఉతాదా అట్లు చేయలేదు. అదే బాణీకి ‘సింపుల్ అండ్ క్లీన్’ అను వేరొక పాటను వ్రాసిరి. దాని మాటలు వేరు, అందలి సంభాషణ వేరు. రెండు భాషలు తెలియుట యనగా ఒక తలపును రెండుసార్లు చెప్పుట కాదు. ఒక్కొక్క భాషలో ఆ భాషకే తోచిన తలపును పలుకుట. వ్యాకరణ తరగతిలో మేము గంటసేపు చెప్పినను తెలియని సంగతిని ఈ రెండు పాటలు పది నిమిషములలో తెలుపగలవు.

2004లో ‘ఎక్సోడస్’, 2009లో ‘దిస్ ఈజ్ ది వన్’ అను ఇంగ్లీషు ఆల్బములు వచ్చినవి. అమెరికాలో వానికి జపానులో దొరకినంతటి ఆదరణ దొరకలేదు. ఈ రెంటి నడుమనే, 2006లో, ‘బోకు వా కుమ’, అనగా ‘నేనొక ఎలుగును’, అని చిన్నపిల్లల కొరకు ఒక పాట పాడిరి. లక్షలు అమ్ముడైన పాటలు కట్టిన వారికి పసివారి పాట చిన్నపని యనిపింపలేదు.

2010లో తాము కొంతకాలము సంగీతమును విడిచి సామాన్య మానవుల వలె జీవింతుమని ప్రకటించి తప్పుకొనిరి. ఆ విరామకాలమున, 2013 ఆగష్టులో, తల్లి ఫూజీ కెయికో మరణించిరి. 2015లో ఉతాదాకు కుమారుడు కలిగెను. తల్లిని పోగొట్టుకొని, తాము తల్లియై, 2016 సెప్టెంబరులో ‘ఫాంతోమ్’ అను ఆల్బముతో మరల వచ్చిరి. ఇది ఫ్రెంచి మాట. మన మధ్య లేకయు ఉన్నట్లు తోచు రూపము అని దీని అర్థము. ఇందలి ‘హనతబ ఓ కిమి ని’, అనగా ‘నీకొక పూలగుత్తి’, ఆ యేట జపాను టెలివిజనులో ప్రతిదినము ఉదయము ప్రసారమైన ధారావాహికకు ముఖగీతము. వినువారు దానిని ఉదయపు పాటగా విని ఆనందించిరి. అది తల్లికి అర్పించిన పూలగుత్తి యని తెలిసినవారు కన్నీరు తుడుచుకొనిరి. మరియొకటి ‘మనత్సు నో తోరిఅమె’, అనగా నడివేసవిలో కురిసి వెళ్లిపోవు జల్లు. అదియును తల్లిని తలచి వ్రాసినదే.

ఈ రెండు పాటలందు ఇంగ్లీషు చరణము లేదు. న్యూయార్కులో పుట్టి, ఇంగ్లీషున మొదటి ఆల్బము పాడి, ఇంగ్లీషు మాటలను జపాను పాటలో అలవోకగా కలిపినవారు, తల్లి పోయిన దుఃఖమును చెప్పవలసివచ్చినపుడు తల్లి పాడిన భాషలోనే చెప్పిరి. ఇంగ్లీషు చాలక కాదు. ఆ మాట ఎవరితో చెప్పుచున్నారో ఆమె భాష అది.

2018 జూనులో వెలువడిన ఆల్బమునకు ‘హత్సుకోయి’ అని పేరు పెట్టిరి. దాని అర్థము ‘తొలివలపు’. పందొమ్మిదేండ్ల క్రిందటి ‘ఫస్ట్ లవ్’ అను పేరునకు అర్థము ఇదియే గదా! పదునారేండ్ల వయసున ఇంగ్లీషులో పెట్టిన పేరును, ముప్పదియైదేండ్ల వయసున జపాను భాషలో మరల పెట్టిరి. పేరొకటియే గాని పాట వేరు. మొదటి మాటను వదలుకొనలేదు, దిద్దలేదు. దాని ప్రక్కన రెండవ మాటను నిలిపిరి. 2022 జనవరిలో వచ్చిన ‘బ్యాడ్ మోడ్’ అను ఆల్బములో జపాను భాషయు ఇంగ్లీషును ఇంచుమించు సమానముగా నడచును. మనుమరాలో మనుమడో అవ్వతో తెలుగులో మొదలుపెట్టి, స్నేహితునితో తమిళములో ముగించు మాట వలె, ఆ పాటలలో అతుకు కనబడదు.

తలిదండ్రులకు మా మనవి ఒక్కటి. తెలుగు శాఖలో పిల్లలు తగ్గుచున్నారని మీరెరుగుదురు. “తెలుగు చదివిన ఉద్యోగము వచ్చునా?” అని మీరడుగు ప్రశ్న న్యాయమైనదే, తమిళము, ఇంగ్లీషు మన బిడ్డలకు అన్నము పెట్టు భాషలు, వానిని బాగుగా నేర్పవలసినదే. కాని, ఉతాదా రికార్డుల వరుసను చూచినచో ఒక సంగతి స్పష్టము. వయసుతోపాటు మనిషికి చెప్పుకొనవలసిన మాటలు పెరుగును. అందు కొన్ని ఇంటి భాషలోనే చెప్పుకొనదగినవి. ఆనాటికి ఆ భాష వట్టి కూరగాయల బేరమునకు సరిపోవునంత మాత్రమే మిగిలియున్నచో, చెప్పవలసిన మాట గొంతులోనే ఉండిపోవును. ఆ అక్కర పదియేండ్ల వయసున తెలియదు. తెలియునాటికి నేర్చుకొను కాలము గడచిపోవును. అందుచేతనే బడి.

విద్యార్థులారా! రాబోవు సంచికకు మీకొక పని. మీ ఇంట అమ్మమ్మనో నాయనమ్మనో అడిగి, ఆమె పాడు ఒక జోలపాట బాణీని పట్టుకొనుడు. ఆ బాణీకి తెలుగులో ఒక పాటయు, తమిళములోనో కన్నడములోనో వేరొక పాటయు మీ సొంతముగా కట్టుడు. అనువాదము చేయవలదు. రెండింటిని ఒకే కాగితమున ఎదురెదురుగా వ్రాసి తెచ్చి ఇచ్చినచో, బాగున్నవానిని రెండు లిపులలోను అచ్చువేయింతుము.