మిరపకాయ చేతి బెల్లం

చిన్నప్పటి తీపి వంటల గురించి రాయమంటే నాతో చదువుకున్నవాళ్ళంతా అరిసెలతో మొదలుపెడతారు. నేనూ అరిసెతోనే మొదలుపెడతాను. కాకపోతే వాళ్ళ అరిసె పళ్ళెంలో వచ్చింది. నాది పైనుంచి పడింది.

మాది అప్పటి గుంటూరు జిల్లా, నరసరావుపేట వైపు ఒక పల్లె. ఊరికి పడమటి పక్క మాదిగపల్లె. సంక్రాంతి పోయిన మూడోనాడు మా అమ్మ నన్ను వెంటబెట్టుకుని ఆసామి ఇంటికి పోయేది. దొడ్డి గుమ్మం బయట నిలబడి ‘అమ్మగోరా’ అని పిలిచేది. ఆమె గట్టిపడ్డ అరిసెలు రెండో మూడో, ఒక చక్కిలం ముక్కా తెచ్చి, చెయ్యి పైకెత్తి మా అమ్మ చెంగులో వదిలేది. చెంగుకీ చేతికీ మధ్య జానెడు ఎడం. ఆ జానెడు ఎందుకో నాకప్పుడు తెలవదు. ఒకసారి అరిసె గురితప్పి కింద పడితే మట్టి ఊదుకుని తిన్నాను. తియ్యగానే ఉంది. తీపి లేదని అబద్ధం చెప్పను.

ఆ అరిసెల్లో బియ్యం సాగరు కాలవ కింద మా అమ్మ నాటిన వరివే. మా నాయన కోసి, నూర్చి, బస్తాలు మోసి గాదెలో పోసినవే. నాటేటప్పుడూ మోసేటప్పుడూ అంటని మైల పిండి దంచేటప్పుడు ఎట్టా అంటిద్ది? ఆ ఇంటి రోలు దగ్గరికి మాత్రం మేం పోగూడదు.

కనుమనాడు ఆసామి ఎద్దుల కొమ్ములకు రంగులేసి, పొంగలి ముద్ద నోటికందించేవాడు. ఎద్దుకున్న ఆ మర్యాద దాన్ని మేపిన మా నాయనకు లేదు. అదే ఎద్దు చస్తే కబురు మా పల్లెకే. మోసుకొచ్చేది మేము, తోలు ఊనేది మేము, ఆ తోలుతో చెప్పులు కుట్టి ఆసామి కాళ్ళకిచ్చేది మేము. మాంసం పల్లెంతా పంచుకునేవాళ్ళం. మిగిలింది మా అమ్మ సన్నగా కోసి, ఉప్పూ పసుపూ పట్టించి, దండెం మీద ఎండేసేది. అవే తునకలు. కాకుల్ని తోలే పని నాది. వానాకాలం పనుల్లేనప్పుడు గోంగూరలో నాలుగు తునకలేస్తే ఆ పూట జొన్నకూడు చాలేది కాదు.

మా ఇంటి తీపి మిరపకోతల కాలంలో వచ్చేది. కూలి డబ్బులందిన రోజు అమ్మ కొట్లో కాస్త బెల్లం కొనేది. జొన్నలు మంగలంలో వేయించి, పేలాలు దంచి, బెల్లం కలిపి పేలపిండి ముద్దలు చేసేది. పొద్దస్తమానం కాయలు కోసిన చెయ్యి అది. ఎన్నిసార్లు కడిగినా ఘాటు వేళ్ళను వదలదు. ముద్ద నోట్లో పెట్టుకుంటే ముందు తీపి, ఎనకే పెదాల మీద మంట. కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ ఇంకో ముద్దకు చెయ్యి చాపేవాళ్ళం. ఆ రాత్రి అమ్మ చేతులు నీళ్ళ ముంతలో పెట్టుకుని కూచునేది. తీపి అంటే నా నాలిక్కి ఇప్పటికీ ఆ మంటే గుర్తొస్తది.

ఇదంతా ఊరి తప్పు. ఇప్పుడు నా తప్పు చెప్తాను.

డిగ్రీకి పట్నంలో అన్ని కులాల పిల్లలుండే హాస్టల్లో చేరాను. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. ఇంట్లో తెల్లన్నం తింటున్నామని సంబరపడ్డ మా అమ్మ, నాకు కూడా ఏదన్నా పెట్టాలని తునకలు వేయించి, గుడ్డలో మూట కట్టుకుని, బస్సు దిగి నడిచొచ్చింది. గదిలో వాసనొస్తే నా కులం తెలిసిపోద్దని భయం. ఆమె అటు పోగానే మూట తీసుకెళ్ళి హాస్టలు వెనక మురుక్కాలవలో పడేశాను. ‘తిన్నావా నాయనా?’ అని మళ్ళీ వచ్చినప్పుడు అడిగింది. ‘తిన్నానమ్మా, బాగున్నయి’ అన్నాను. ఆసామి ఇంటి మట్టి అరిసె ఊదుకుని తిన్నవాణ్ణి, మా అమ్మ తునకల్ని కాలవపాలు చేశాను. ఇట్లా మూడుసార్లు.

1985 జులై 17న కారంచేడు జరిగింది. చీరాల శిబిరం చూసొచ్చాకే నేను మాదిగనని హాస్టల్లో నోరు విప్పి చెప్పాను. ఆ సెలవలకు ఇంటికిపోయి, ‘అమ్మా, ఈసారి తునకలు కట్టియ్యి’ అన్నాను. అమ్మ పొయ్యి ఊదుతా తలెత్తలేదు.

‘వద్దులే నాయనా. నీ సావాసగాళ్ళు ఉంటారు గదా, వాసనొచ్చిద్ది. నువ్వు పారేసేది నాకు ఎరికే.’

ఎట్లా తెలిసిందో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. తెలిసి కూడా రెండోసారి, మూడోసారి మోసుకొచ్చిందన్నమాట. ఆ మాట మీద నాకు ఇవాళ్టికీ నిద్ర పట్టని రాత్రులున్నయి. అమ్మ పోయింది. క్షమించమని అడగటానికి మనిషి లేదు.

2012లో ఉస్మానియాలో విద్యార్థులు పెద్దకూర పండగ చేసినప్పుడు గొడవలైనయి, కత్తిపోటు దాకా పోయింది. తినే హక్కు కోసం నిలబడ్డ ఆ పిల్లలు నాకంటే పెద్దోళ్ళనిపించింది. 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరమంది. వరి లేక మేం తిన్న జొన్నలూ సజ్జలూ ఇప్పుడు మిఠాయి కొట్లలో అద్దాల వెనక ఉన్నయి, ‘అమ్మమ్మల నాటి రుచులు’ అని బోర్డు కట్టి. ఏ అమ్మమ్మలు? ఆ అద్దాల వెనక తునకలు లేవు. మరాఠీలో షాహు పాటోళే 2015లోనే దళితుల వంటల మీద పుస్తకం రాశాడు. మన అమ్మల పొయ్యి మీద ఏం ఉడికిందో మనం కూడా రాయాల. తిన్నదే కాదు, దాచిందీ పారేసిందీ కూడా రాయాల.

మొన్న మా మనవరాలు బళ్ళో ‘నాకిష్టమైన వంట’ అని వ్యాసం రాయమన్నారంట. ‘తాతా, నీకేమిష్టం?’ అని పలక పట్టుకుని కూచుంది. అరిసె అనబోయి ఆగాను. ‘తునకలు’ అని రాయమన్నాను. ‘త కింద కొమ్ము’ అని పక్కన కూచుని రాయించాను.