ఒక్క ఓటున్న వాళ్ళు

2020 మే మొదటి వారం. ఆక్లాండ్‌లో లాక్‌డౌన్. నా చదువు అయిపోయింది, పార్ట్‌టైమ్ పని పోయింది, అద్దె మాత్రం ఎక్కడికీ పోలేదు. ఇంట్లో నలుగురం ఉండేవాళ్ళం. పక్కగదిలో ఒక ఫిజీ అన్న. సూపర్‌మార్కెట్ గిడ్డంగిలో రాత్రి డ్యూటీ. ఆయన ముత్తాత గిర్మిట్ కూలీగా మద్రాసులో ఓడెక్కి ఫిజీ చెరకు తోటలకి వెళ్ళాడట. 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా అలా వెళ్ళినవాళ్ళలో మన తెలుగువాళ్ళు చాలామందే. నాలుగు తరాలు గడిచేసరికి అన్నకి తెలుగులో మిగిలినవి నాలుగైదు మాటలు. మేం మాట్లాడుకునేది ఆయన ఫిజీ హిందీకీ, నా హైదరాబాద్ హిందీకీ మధ్య ఎక్కడో.

కానీ రగ్బీ అంటే ఆయనకి ప్రాణం. ఫిజీ జట్టులో ఆడేది దాదాపుగా అంతా అక్కడి మూలవాసులే. 1987లో సైనిక కుట్ర చేసి, భారతీయ సంతతి బలంగా ఉన్న ప్రభుత్వాన్ని కూలదోసిన రబూకా కూడా ఒకప్పుడు ఫిజీకి రగ్బీ ఆడినవాడే. ఆ కుట్ర తర్వాతే అన్న వాళ్ళ కుటుంబం దేశం వదిలింది. అయినా 2016లో రియోలో ఫిజీ సెవెన్స్ జట్టు బ్రిటన్‌ని 43-7తో ఓడించి దేశానికి మొట్టమొదటి ఒలింపిక్ పతకం, అదీ బంగారు పతకం తెచ్చిన రోజు, తను ఏడ్చానని చెప్పాడు. "మమ్మల్ని వాళ్ళు ఎప్పుడు తమవాళ్ళనుకుంటారో తెలీదు, జట్టు మాత్రం మాదే," అనేవాడు.

ఆ శనివారం వంటింట్లో ఉడకబెట్టిన కర్రపెండలం తింటూ ఫోన్ చూస్తున్నాడు. వరల్డ్ రగ్బీ ఛైర్మన్ ఎన్నిక ఫలితం వచ్చింది. ఇంగ్లండ్ మాజీ కెప్టెన్ బిల్ బోమాంట్‌కి 28, అర్జెంటీనా మాజీ కెప్టెన్ అగస్టీన్ పిచోట్‌కి 23. చిన్న దేశాలకి పెద్దపీట వేస్తానన్నవాడు పిచోట్. బోమాంట్ నామినేషన్‌ని ప్రతిపాదించింది ఫ్రాన్స్. బలపరిచింది ఎవరో తెలుసా? ఫిజీ.

అన్న ఫోన్ బల్ల మీద పడేశాడు. "బిక్ గయా," అన్నాడు. అమ్ముడుపోయారు.

ఆ మాట నాకు కొత్త కాదు. దాదాపు ఆరేళ్ళ ముందు తెలుగులో నేనే అన్నాను. మా అమ్మని.

2014లో మా ఎంపీటీసీ స్థానం మహిళలకి రిజర్వయింది. అమ్మ స్వతంత్రంగా నిలబడి గెలిచింది. మండలంలో పదమూడు స్థానాలు. ఒక పార్టీకి ఆరు, ఇంకో పార్టీకి ఆరు. మిగిలిన ఒక్కటీ అమ్మ. లెక్క తేలిన రాత్రే ఇంటి ముందు కారు ఆగింది. ఆ తర్వాతది మీకు తెలిసిందే. దానికి మన దగ్గర పేరు కూడా ఉంది: క్యాంపు. అమ్మానాన్నల్ని ఎక్కడో ఊళ్ళో హోటల్‌కి తీసుకెళ్ళారు. ఫోన్లు తీసేసుకున్నారు. గుడికి వెళ్తే వెనకాల ఇద్దరు మనుషులు. జులైలో మండలాధ్యక్షుడి ఎన్నిక రోజు నేరుగా ఆఫీసు ముందు దింపారు. ఆ ఎన్నిక చేతులెత్తే పద్ధతి. అమ్మ చెయ్యెత్తింది, ఆమె ఓటర్లలో సగంమందికి పడని వర్గానికి. అధ్యక్షుడు ఆమెకి ఒప్పుకున్నది ఒక్కటే, మా వాగు మీద కల్వర్టు.

నాకప్పుడు పద్దెనిమిదేళ్ళు. కాలేజీలో స్నేహితులు నవ్వారు. ఇంటికొచ్చి అమ్మ ముఖం మీదే అన్నాను, "అమ్ముడుపోయావు," అని. ఆమె ఏం మాట్లాడలేదు. లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళింది. ఆ తర్వాత మేమిద్దరం ఆ విషయం ఎప్పుడూ ఎత్తలేదు.

అన్న కోపం చూశాక నాకు ఆ ఎన్నిక లెక్క తవ్వాలనిపించింది. చేతిలో పని లేదు కదా.

వరల్డ్ రగ్బీ కౌన్సిల్‌లో అప్పటికి 51 ఓట్లు. సిక్స్ నేషన్స్ ఆడే ఇంగ్లండ్, స్కాట్లాండ్, వేల్స్, ఐర్లండ్, ఫ్రాన్స్, ఇటలీలకి తలా మూడు. దక్షిణాన న్యూజిలాండ్, ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా, అర్జెంటీనాలకి కూడా తలా మూడు. జపాన్‌కి రెండు. ఆరు ఖండాల సంఘాలకి తలా రెండు. ఫిజీ, సమోవా, జార్జియా, రొమేనియా, అమెరికా, కెనడా, ఉరుగ్వేలకి ఒక్కొక్కటి. మన దేశానికి విడిగా ఏమీ లేదు, ఆసియా సంఘానికున్న ఆ రెండింట్లోనే మనమూ కలిసున్నాం. టోంగాకీ విడిగా లేదు. ఫిజీ, సమోవాలకి కూడా 2018లోనే వచ్చాయి. అంతకుముందు దశాబ్దాలపాటు ఆ దీవుల కుర్రాళ్ళు ప్రపంచమంతటా ఆడారు కానీ, ఆట ఎలా నడవాలో తేల్చే గదిలో వాళ్ళకి సొంత కుర్చీ లేదు.

అంటే పది దేశాల చేతిలో 30 ఓట్లు. మిగతా ప్రపంచం మొత్తం చేతిలో 21. పదిమందీ ఒక్కటిగా ఉంటే ఆ 21కి విలువ లేదు. ఆ పదిమంది తమలో తాము కొట్టుకుంటేనే చిన్న ఓటుకి ధర వస్తుంది. 2020లో జరిగింది అదే. యూరప్ ఆరుగురి 18 బోమాంట్ వైపు, దక్షిణాది నలుగురి 12 పిచోట్ వైపు. రెండు గుంపులూ అనుకున్నట్టే వేశాయనుకుంటే, మిగిలిన 21లో బోమాంట్‌కి 10, పిచోట్‌కి 11. మిగతా ప్రపంచంలో ఒక ఓటు ఎక్కువ తెచ్చుకున్నవాడు ఓడిపోయాడన్నమాట! ఫిజీ తన ఒక్క ఓటూ అటు తిప్పినా 27-24. ఫలితం మారదు.

ఈ లెక్క అన్నకి చూపించాను. కాసేపు చూసి, "అయితే మావాళ్ళు ఎందుకు అమ్ముకున్నట్టు?" అన్నాడు. "ఓడిపోయేవాడికి వేస్తే ఏం వస్తుంది?" అన్నాను. అన్నాక నాలిక కరుచుకున్నాను. ఇది నా మాట కాదు. ఇది క్యాంపు మాట.

ఈ తూకం ఇవాళ్టిది కాదు. 1884లో ఇంగ్లండ్, స్కాట్లాండ్ మ్యాచ్‌లో ఒక ట్రై మీద గొడవయింది. దాంతో 1886లో స్కాట్లాండ్, ఐర్లండ్, వేల్స్ కలిసి అంతర్జాతీయ బోర్డు పెట్టుకున్నాయి. మా దగ్గర క్లబ్బులు ఎక్కువ, కాబట్టి సీట్లు ఎక్కువ కావాలని ఇంగ్లండ్ బయటే కూర్చుంది. చివరికి 1890లో చేరింది, ఆరు సీట్లతో. మిగతా ముగ్గురికీ తలా రెండు. మొత్తం పన్నెండులో సగం ఒక్కరివే. ఎవరి ఓటు ఎంత బరువో మొదట వచ్చినవాళ్ళే రాసుకున్నారు. ఆ రాతని మార్చాలంటే మళ్ళీ వాళ్ళ ఓట్లే కావాలి.

అందులో మన వెండి కూడా ఉంది. ఇంగ్లండ్, స్కాట్లాండ్ ఏటా పోటీపడే కలకత్తా కప్పు, మూతపడిన కలకత్తా క్లబ్బు బ్యాంకులో మిగిలిన వెండి రూపాయలు కరిగించి చేసింది. పిడులు నాగుపాములు, మూత మీద ఏనుగు. ఆ కప్పు కోసం 1879 నుంచి ఆడుతున్నారు. రూపాయలు మనవి, ఓట్లు మాత్రం ఆసియా సంఘం మొత్తానికీ కలిపి రెండు. ఇది చెప్తే అన్న చాలాసేపు నవ్వాడు.

ఇంకో ఎన్నిక సంగతి చదివాక మాత్రం నాకు నవ్వు రాలేదు. 2023 ప్రపంచకప్ ఎవరికివ్వాలో తేల్చడానికి 2017లో నిపుణులు మార్కులు వేశారు. దక్షిణాఫ్రికాకి 78.97, ఫ్రాన్స్‌కి 75.88, ఐర్లండ్‌కి 72.25. దక్షిణాఫ్రికాకే ఇమ్మని సిఫారసు వచ్చింది. రెండు వారాల తర్వాత లండన్‌లో రహస్య ఓటింగ్ జరిగితే ఫ్రాన్స్ 24-15తో గెలిచింది. పొరుగున ఉన్న స్కాట్లాండ్ ఐర్లండ్‌కి వెయ్యలేదు, ఫ్రాన్స్‌కి వేసింది. ఎందుకంటే ఫ్రాన్స్‌లో డబ్బు ఎక్కువ వస్తుందని, అది ఆటకి మంచిదని వాళ్ళ పెద్దమనిషి బాహాటంగానే చెప్పాడు. ఐర్లండ్ వాళ్ళు నొచ్చుకున్నారు. అంతే. స్కాట్లాండ్ అమ్ముడుపోయిందని మరీ గట్టిగా ఎవరూ అనలేదు. వ్యాపార దృష్టి అన్నారు, ముందుచూపు అన్నారు.

మూడు ఓట్లున్నవాడు బేరమాడితే అది వ్యూహం. ఒక్క ఓటున్నవాడు బేరమాడితే అమ్ముడుపోవడం. ఈ మాట రాసుకుని చాలాసేపు అలాగే కూర్చున్నాను.

అవసరం ఎవరిదో కూడా చూడాలి కదా. అదే 2017 నవంబర్లో సమోవా జట్టు లండన్‌లోని ట్వికెన్‌హామ్‌కి ఆడటానికి వెళ్ళింది. స్టేడియం నిండా జనం, టికెట్ల డబ్బు ఆతిథ్య దేశానిది. ఆ మ్యాచ్‌కి ఇంగ్లండ్ ఆటగాడికి 22,000 పౌండ్లు, సమోవా ఆటగాడికి దాదాపు 650 అని పేపర్లలో వచ్చింది. ఇంగ్లండ్ కుర్రాళ్ళే సిగ్గుపడి తలా వెయ్యి పౌండ్లు వాళ్ళకి ఇచ్చారు. అది మంచి మనసే, కాదనను. కానీ దానాలు వచ్చినంత తేలిగ్గా వాటాలు రావు. వాటా కావాలంటే ఆ గదిలో ఎవడో పెద్దవాడు నీకు బాకీ పడాలి.

తర్వాత ఏం జరిగిందో ఇప్పుడు అందరికీ తెలుసు. 2021 నవంబర్లో కౌన్సిల్ ఒక నియమం మార్చింది. ఒక దేశానికి ఆడినవాడు మూడేళ్ళు ఆగి, తను పుట్టిన దేశానికో, తల్లిదండ్రులో తాతలో పుట్టిన దేశానికో మారొచ్చు, ఒకే ఒక్కసారి. పసిఫిక్ దీవులు ఏళ్ళ తరబడి అడుగుతున్నది అదే. అది బోమాంట్ హయాంలోనే వచ్చింది. 2023 ప్రపంచకప్‌లో ఫిజీ ఆస్ట్రేలియాని 22-15తో ఓడించింది, అరవైతొమ్మిదేళ్ళ తర్వాత. ఆ కప్పు జరుగుతుండగానే, 2026 నుంచి పన్నెండు జట్లతో కొత్త పోటీకి కౌన్సిల్ ఒప్పుకుంది. ఆ పదిమందీ, వాళ్ళతో జపాన్, ఫిజీ. సమోవా, టోంగాలు రెండో అంచెలో ఉండిపోయాయి. 2030 దాకా కిందివాళ్ళు పైకొచ్చే దారి లేదు. ఫిజీకి ఆ చోటు ఓటువల్ల వచ్చిందా, ఆటవల్ల వచ్చిందా? నేను ఆటవల్లే అంటాను. అన్న మాత్రం ఒప్పుకోడు. "ఆట మాకు ముందూ ఉంది కదా భయ్యా," అంటాడు.

2024 నవంబర్లో మళ్ళీ ఎన్నిక. ఆస్ట్రేలియా నుంచి బ్రెట్ రాబిన్సన్ 27-25తో గెలిచాడు. దక్షిణార్ధగోళం నుంచి మొదటి ఛైర్మన్. మళ్ళీ అంత సన్నని తేడానే. ఆ రాత్రి ఎవరెవరికి ఫోన్లు వెళ్ళి ఉంటాయో ఊహించుకున్నాను. ఫోన్లు తీసేసుకోవడం మటుకు వాళ్ళ దగ్గర ఉండదేమో.

పోయిన సంక్రాంతికి ఇంటికెళ్ళాను. కల్వర్టు 2017లో కట్టారు. కల్వర్టంటే పెద్ద మాట, నాలుగు తూములు వేసి పైన సిమెంటు పోశారు. పెద్ద వాన పడితే ఇప్పటికీ నీళ్ళు పైనుంచే పోతాయి. కానీ మిగతా రోజుల్లో స్కూలు ఆటో వస్తుంది. మా కాలంలో వాగు నిండితే బడి మానేయడమే.

అమ్మతో దాని మీదుగా నడుస్తూ ఈ ఫిజీ కథంతా చెప్పాను. రగ్బీ అంటే ఏంటో తెలీదు ఆమెకి, గుడ్డు ఆకారం బంతి అంటే నవ్వింది. ఓట్ల లెక్క మాత్రం ఠక్కున పట్టేసింది. "పదీ, పదకొండూనా? మరి వీళ్ళ ఓటు లేకపోయినా ఆయన గెలిచేవాడేగా," అంది.

"గెలిచేవాడే."

"నాది అట్లా కాదు. ఆరూ, ఆరూ." కొంచెం గర్వంగానే అంది. తర్వాత కాసేపు ఏం మాట్లాడలేదు. తూము దగ్గర ఆగి, కిందికి చూసి అంది, "ఇంకో రెండు తూములు అడిగుండాల్సిందిరా. అప్పుడు ఇచ్చేవాళ్ళు. నాకే తెలీలా."

ఆరోజు అన్న మాటకి క్షమించమని అడగాలనే వెళ్ళాను. అడిగాను కూడా. ఆమె వినబడనట్టే, దారిలో పడున్న ముళ్ళకంపని కాలితో పక్కకి నెట్టి ముందుకి నడిచింది.